బెండు కదలని గంట

బ్యాంకులో టోకెను తీసుకుని నాలుగు నంబర్లు ఆగాలంటే నాకు ఒళ్ళు మండుతుంది. రైలు గేటు పడితే అందరికంటే ముందు హారన్ కొట్టేది నేనే. హోటల్లో కాఫీ ఆలస్యమైందని తాగకుండా లేచొచ్చేసిన రోజులున్నాయి. అలాంటివాణ్ణి, ఆదివారం తెల్లారగట్ల గాలం కర్ర పట్టుకుని గోదారి రేవులో కూర్చున్నానంటే ఎండ నెత్తికెక్కేదాకా లేవను. పెళ్ళయినప్పటి నుంచీ మా ఆవిడది ఒకటే ప్రశ్న: "అన్ని గంటలు అక్కడ ఏం చేస్తారండీ?"

ఆవిడకి సరిగా చెప్పలేకపోయిన జవాబే ఈ అధ్యాయం.

ఇలాంటి వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో ఓపిక మీద ఒక అధ్యాయం ఉండి తీరాలి. పాలల్లో తోడు వేసినట్టు మనసులో కాస్త ఓపిక వేసుకుంటే తెల్లారేసరికి పేరుకుంటుందన్నట్టు రాస్తారు. నాకా నమ్మకం లేదు. ఓపిక నా గుణమే అయితే బ్యాంకుకి కూడా నాతో రావాలి కదా! రేవులో మాత్రమే ఒంట్లోకొచ్చే గుణమేమిటి? చాలాకాలం కొట్టుకున్నాక తేలిందేమిటంటే, రేవులో నాకు పని ఉంటుంది, బ్యాంకులో ఉండదు. అంతే తేడా. గట్టు మీద నుంచి చూసేవాళ్ళకి ఆ పని కనపడదు గనక దానికి ఓపిక అని పేరు పెట్టారు.

ఆ పనేమిటో చెబుతాను. గాలం ఎన్నడూ ముట్టనివాళ్ళు కూడా చదవండి. ముట్టేవాళ్ళకి నాలుగు కిటుకులు దొరికితే అది కొసరు.

త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచొచ్చే గోదావరి, నేల చదునయ్యేసరికి ఒళ్ళు వాల్చేస్తుంది. రాజమండ్రి దగ్గరే దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పు. ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ఠ అని చీలిపోతుంది. 1852లో కాటన్ దొర పూర్తిచేసిన ఆనకట్ట చోట ఇప్పుడున్న బ్యారేజీకి 175 గేట్లు. వేసవిలో అవన్నీ దించేశాక మా అమ్మమ్మగారి ఊరి దగ్గర వశిష్ఠ పాయలో నీరు పారుతోందో లేదో తెలుసుకోవాలంటే గడ్డిపోచ వేసి చూడాల్సిందే.

కొండవాగులో చేప ఎక్కడుందో వాగే చెప్పేస్తుంది. రాయి వెనక ఉంటుంది, లేదా మడుగులో ఉంటుంది. ఈ వెడల్పాటి నిదానపు నీళ్ళు ఏమీ చెప్పవు. ఎటు చూసినా నూనె పోసినట్టు ఒకటే. కొత్తవాడు ఎక్కడో ఒకచోట విసురుతాడు, పది నిమిషాలకి విసుగొచ్చి ఇంకోచోట విసురుతాడు, గంటకి చేపలు లేవని తేల్చేసి ఇంటికి పోతాడు. పన్నెండో ఏట నేను చేసింది అదే.

అది చూసి మా పెద్దమావయ్య నా కర్ర లాక్కున్నాడు. ఆయన బడిపంతులు. సెలవుల్లో రేవే ఆయన బడి. గాలం కొక్కేనికి సైకిల్ నట్టు ఒకటి బిగించి కర్ర నా చేతికిచ్చాడు.

"ఇవాళ చేపల్లేవురా అల్లుడూ. ఇవాళ లోతులే."

పద్ధతి ఇది. తాడుకి నీటి మీద తేలే బెండు కట్టి ఉంటుంది, కింద బరువు. నీళ్ళలోకి వేస్తే బెండు మునిగిపోయిందనుకోండి, అక్కడి లోతు మీరు వదిలిన తాడు కంటే ఎక్కువ. బెండుని పైకి జరపాలి. బెండు నీళ్ళ మీద పక్కకి పడుకుందా, తాడు ఎక్కువైంది, కిందికి జరపాలి. బెండు కొన మాత్రమే నీళ్ళపైన నిలబడి కనిపించిందంటే లోతు దొరికింది. బయటికి తీసి మూరలు కొలిచి రాసుకోవాలి. పొద్దున్నంతా అదే పని. మెట్ల ఎదురుగా నాలుగు మూరలు. నాలుగు బారలు ఎడమకి జరిగితే నాలుగున్నర. ఇంకో బార జరిగేసరికి ఒక్కసారిగా ఎనిమిది! నట్టు దిగుతూనే ఉంది, బెండు బుడుంగుమని మాయమైంది. నాకైతే చేప పడినంత సంబరం.

"అదీ రోడ్డు," అన్నాడు మావయ్య. లోతు ఒక్కసారిగా దిగే ఆ వాలు వెంటే చేపలు తిరుగుతాయట, చేలగట్టు పట్టుకుని గొడ్లు నడిచినట్టు. గట్టు మెరకా కాదు, నడిమి లోతూ కాదు, రెండూ కలిసే అంచు. పైనుంచి చూస్తే అక్కడ ఏమీ లేదు. పక్కన బట్టలుతుక్కునే ఆడవాళ్ళు రోజూ ఆ నీళ్ళనే చూస్తున్నారు. రోడ్డుందని మాత్రం నాకూ మావయ్యకే తెలుసు. పన్నెండేళ్ళవాడికి అంతకంటే గొప్ప రహస్యం ఏముంటుంది?

ఆ వేసవంతా లోతులు కొలిచాను. నోటుపుస్తకం వెనక పేజీల్లో రేవు బొమ్మ గీసి అంకెలు వేశాను. తర్వాత మిగతా గుర్తులు నేర్చుకున్నాను. మురుగు కాలవ వచ్చి కలిసేచోట మేత కొట్టుకొస్తుంది. వంతెన స్తంభం వెనక నీరు వెనక్కి తిరుగుతుంది, ఆ తిరుగుడు పక్కన చేపకి ఈదే శ్రమ తగ్గుతుంది. గుర్రపుడెక్క చాప అంచున నీడ. నీటి మీద సన్నటి బుడగలు గుత్తులుగా వచ్చి, కాస్త జరిగి మళ్ళీ వచ్చాయంటే అడుగున ఏదో మట్టి కెలుకుతోంది. ఒకేచోట ఉండుండి పెద్ద బుడగ ఒక్కటే వస్తే అది కుళ్ళిన ఆకుల గాలి, దానికోసం గాలం పాడుచేసుకోవద్దు.

ఇక ఏ చేపకి వేస్తున్నామన్నది. గోదారి అనగానే అందరూ పులసంటారు. పుస్తెలమ్మైనా తినాలన్న మాట పుట్టించిన చేప అది. వరదనీటికి సముద్రం నుంచి ఎదురెక్కి వస్తుంది, వలకి పడుతుంది. నీటిలోని సూక్ష్మజీవుల్ని వడకట్టుకు తినే రకం కాబట్టి మన గాలాన్నీ ఎర్రనీ పట్టించుకోదు. అంటే గాలంవాడికి మిగిలేవి మోటు చేపలే. ఇంగ్లండు వాళ్ళు ఈ తేడాని ఏకంగా శాస్త్రంలా పాటిస్తారు. సాల్మన్, ట్రౌట్‌లది దొరల వేట; నిదానపు నదుల్లో దొరికే రోచ్, బ్రీమ్, టెంచ్ లాంటివన్నీ కలిపి 'కోర్స్ ఫిష్', అంటే మోటువి. అక్కడ నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా వాటిని పట్టకూడదు. జూన్ 16 వాళ్ళకి పండగ. పట్టింది తూచి, ఫొటో తీసుకుని, మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తారు. ఈ చివరి సంగతి చెబితే మావయ్య నమ్మలేదు. "మరి కూరేంటి?" అన్నాడు.

మన మోటు చేపల్లో చూడవలసినది మూతి. బొచ్చె దవడ పైకి తిరిగి ఉంటుంది, నీటి పైపొరల్లో మేస్తుంది. శీలావతి పెదవి అంచులు కుచ్చుల్లా ఉంటాయి, నడిమి నీళ్ళలో తిరుగుతుంది. ఎర్రమోసుది అడుగు మేత. చెరువులో ఈ మూడింటినీ కలిపి పెంచేది అందుకే, ఒకదాని కంచంలో ఇంకోటి చెయ్యి పెట్టదు. నదిలో మీ బెండు ఏ ఎత్తున కట్టారన్నదే మీరు ఎవర్ని భోజనానికి పిలిచారన్నదానికి జవాబు. అడుగున ఎర వేసి బొచ్చె పడలేదని బాధపడేవాళ్ళని చాలామందిని చూశాను, రేవులోనూ, ఉద్యోగాల్లోనూ.

ఇవన్నీ కొత్త తెలివితేటలని అనుకునేరు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాయించిన 'మానసోల్లాసం'లో మత్స్యవినోదం అని ఒక భాగమే ఉంది. చేపల రకాలు, వాటికి పెట్టాల్సిన మేత, గాలంతో పట్టే తీరు, అన్నీ అందులో ఉన్నాయి. రాజ్యం చేసే మనిషికి మేత సంగతులు చెప్పారంటే ఊరికే చెప్పి ఉండరు.

మేత దగ్గరే నేను దెబ్బతిన్నాను. గాలం వేసే ముందు ఆ చోట కాస్త మేత వేసి చేపల్ని రప్పించాలి. తవుడు, తెలగపిండి కలిపి నిమ్మకాయంత ఉండలు. నీళ్ళలో పడ్డాక ఉండ విచ్చుకుని వాసన దిగువకి సాగుతుంది. కాలేజీ రోజుల్లో ఒకసారి, మావయ్య ఊళ్ళో లేడు కదా అని, పెద్ద గిన్నెడు కలిపి మొత్తం ఒకేసారి వేసేశాను. పావుగంటకల్లా నీటి మీద బుడగలే బుడగలు. చేపలు వచ్చాయి, కళ్ళముందే తోకలు తిప్పుతున్నాయి. మధ్యాహ్నం దాకా నా ఎర్రని ఒక్కటీ ముట్టలేదు. ఎందుకు ముడతాయి? నేనే కడుపునిండా భోజనం పెట్టి, ఇప్పుడు చివర వక్కపలుకు చూపిస్తున్నాను. మావయ్య వచ్చాక చెబితే పడీపడీ నవ్వాడు. ఆయన లెక్క, మొదట మూడు ఉండలు, తర్వాత బెండు కదిలినా కదలకపోయినా పావుగంటకి ఒకటి. ఎక్కువ వేస్తే నిండిపోతాయి, తక్కువ వేస్తే వెళ్ళిపోతాయి.

ఇప్పుడు అసలు గంటకి వద్దాం. మేత పడింది, లోతు చూసి బెండు కట్టాం, ఎర గుచ్చి వేశాం. బెండు కదలదు. ఈ గంటలో ఏం చేస్తారండీ అన్నదే కదా ప్రశ్న.

పావుగంటకి ఉండ వెయ్యాలి, చెప్పానుగా. ఇరవై నిమిషాలకోసారి ఎర తీసి చూడాలి, ఎందుకంటే చిన్న పరకలు చప్పుడు లేకుండా ఒలుచుకుపోతాయి, ఉత్త కొక్కెం కాపలా కాస్తూ కూర్చున్నవాళ్ళకి లెక్కలేదు. పిండి ముద్దయితే కరిగిపోయిందేమో చూడాలి. రెండుసార్లు చూసినా ఎర చెక్కుచెదరలేదంటే బెండుని బెత్తెడు పైకో కిందికో జరపాలి. ఒకసారికి ఒకటే మార్చాలి. లోతూ ఎరా చోటూ అన్నీ ఒకేసారి మార్చేస్తే, చేప పడినా ఏది మార్చినందుకు పడిందో తెలియదు. గాలి ఎటు తిరిగింది, నీటి రంగు మారిందా, కొంగ ఏ గట్టుకి వెళ్ళింది... ఇవన్నీ గమనిస్తుంటే గంట చాలదు.

బెండు కదిలాక కూడా తొందర లేదు. అది మాట్లాడే భాష ఉంది. టకటకా టకటకా వణికిందా, పరకలు. వదిలేయండి. ఒకసారి మునిగి, తేలి, ఆగి, మళ్ళీ నిదానంగా ఏటవాలుగా లాక్కుపోయిందా, శీలావతి కావచ్చు. జెల్ల చేపది మర్యాద లేని వ్యవహారం, ఒక్క గుంజుడు. బెండు సాఫీగా, బరువుగా, ఆగకుండా జరుగుతూ పోతే చాలాసార్లు తాబేలే. అన్నిటికంటే విచిత్రం, బెండు మునగడానికి బదులు పైకి లేచి పక్కకి పడుకోవడం. ఎర తెగిపోయిందని కొత్తవాళ్ళు అనుకుంటారు. నిజానికి అడుగున మేసే చేప ఎర్రతో పాటు సీసం గుండుని కూడా పైకి ఎత్తేసింది, అందుకని బెండుకి బరువు తగ్గింది. లాగవలసిన క్షణం అదే. ఏమీ జరగనట్టు కనిపించేటప్పుడే పని అయిపోతుంది.

ఇక ఇలాంటి పుస్తకంలో ఉండాలి కాబట్టి ఒక ఉద్యోగం కథ.

డిగ్రీ అయ్యాక హైదరాబాదులో ఒక కంపెనీకి ఇంటర్వ్యూ ఇచ్చి ఐదు వారాలు ఎదురుచూశాను. రోజు విడిచి రోజు ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి ఫోను చేసేవాణ్ణి. అవతల అమ్మాయి నా గొంతు గుర్తుపట్టే దాకా వచ్చింది. ఇంటికొచ్చి మంచమ్మీద పడుకుని ఫ్యాను చూసేవాణ్ణి. దసరాకి ఊరెళ్ళినప్పుడు మావయ్య అంతా విని, "నిమిషానికోసారి గాలం పైకి లాగి చూస్తున్నావన్నమాట," అన్నాడు. తర్వాత అడిగాడు, "లోతు చూశావా?" ఆ ఉద్యోగం ఇచ్చేదెవరు, ఎంతమందిని తీసుకుంటారు, ఎప్పటికి తేలుస్తామన్నారు, నాలాంటి చదువుకి ఇంకెక్కడెక్కడ ఖాళీలున్నాయి, ఒక్కటీ నాకు తెలీదు. పళ్ళెంలాంటి నీళ్ళు చూస్తూ కూర్చున్నాను. వెనక్కెళ్ళి ఒక నోటుపుస్తకం కొన్నాను. ఆ కంపెనీ నుంచి ఉత్తరం ఎప్పటికీ రాలేదు. కానీ మిగతా రోజులు ఫ్యాను కింద గడవలేదు, వేరేచోట బెండు కదిలింది కూడా.

మీరిప్పుడు దేనికోసమైనా ఎదురుచూస్తుంటే ఒక కాగితం తీసుకోండి. ఆ విషయంలో కొలవగలిగిందీ ఇంకా కొలవనిదీ ఏముందో రాయండి. 'ఫలితం ఎప్పుడొస్తుందో' అని రాయొద్దు, అది బెండు. ఎవర్ని అడిగితే తారీకు తెలుస్తుందో రాయండి, అది నట్టు. రోజూ వెయ్యగలిగిన చిన్న ఉండ ఒకటి పెట్టుకోండి: ఒక దరఖాస్తు, ఒక పాఠం, ఒక ఫోను. గిన్నె మొత్తం ఒక్కరోజే బోర్లించొద్దు. ఎన్ని రోజులకోసారి ఎర తీసి చూస్తారో ముందే రాసి పెట్టుకోండి, మధ్యలో చెయ్యి దురదపెట్టినా కర్ర ముట్టకండి.

ఇది అన్నిచోట్లా పనిచేస్తుందని చెప్పను. ఆస్పత్రిలో ఐసీయూ తలుపు బయట కూర్చున్నవాడికి కొలిచే లోతులుండవు. అక్కడ నాకు తెలిసింది ఏమీ లేదు, నేనూ అందరిలాగే గోడకి ఆనుకుని కూర్చున్నాను.

రేవుకెళ్ళేవాళ్ళకి రెండు ముక్కలు. జెల్లకి వీపు మీద ఒకటి, రెండు పక్కలా చెరొకటి ముళ్ళుంటాయి. ముళ్ళ వెనక నుంచి వేళ్ళు పోనిచ్చి పట్టుకోవాలి. ఇంగిలాయి చేప జోలికి అసలు పోవద్దు, దాని ముల్లు విషం, తేలు కుట్టినట్టు రాత్రంతా లాగుతుంది. వదిలేసే చిన్న చేపని తడిచేత్తో పట్టుకోండి, పొడిచేతికి దాని జిగురు ఊడొస్తుంది. వరద కాలంలో వార్తలు వినండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నన్నడిగితే మొదటిదాని దాకా కూడా ఆగనక్కర్లేదు, ఎర్రనీరు జోరుగా దిగుతుంటే మెట్ల మీద గాలంవాడికేం పని?

మావయ్యకి చివరి రోజుల్లో చూపు మందగించింది. బెండు కనపడట్లేదని బెండే తీసేశాడు. తాడుని చూపుడువేలు మీదుగా పోనిచ్చి, ఆ వేలితోనే వినేవాడు. పరక పొడిచినా, నాచు తగిలినా చెప్పేసేవాడు. ఒక జులై నెల మొదట్లో వెళ్ళాను. పొద్దున్నే ఆయన్ని చెయ్యి పట్టుకుని రేవుకి దింపాను. మెట్టు మీద కూర్చోబెట్టి, కర్రలు సర్దుతున్నాను.

"మన చోట ఎంతుందిరా?"

నట్టు కట్టి వేసి చూశాను. "ఎనిమిదిన్నర మావయ్యా."

"మొన్న ఎనిమిదే కదా," అన్నాడు. కాసేపు ఆగి, చెయ్యి నీళ్ళలో ముంచి వేళ్ళు ఒకదానికొకటి రాసుకున్నాడు. సన్నటి ఒండ్రు. "గేట్లెత్తుంటారు. కొత్తనీరొస్తే గట్టు కిందకే వస్తాయి. దగ్గరగా వెయ్యరా అల్లుడూ."